గ్యాస్ ఎక్కడికి పోయిందని ఎవరూ అడగరు

మార్చి సగం దాటిందో లేదో, మా అపార్టుమెంటు సెల్లారులో ప్రతి కారు వైపరు కిందా ఒక రంగుల కాగితం వెలిసింది. 'వేసవి ప్రత్యేకం, ఏసీ గ్యాస్ ఫిల్లింగ్‌పై భారీ తగ్గింపు' అని పెద్ద అక్షరాలు, పక్కన మంచుగడ్డ మీద నిలబడిన పెంగ్విన్ బొమ్మ. పై అంతస్తులో ఉండే పెద్దాయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఉగాది లోపే నింపించేయాలండీ, మే నెలలో వెళ్తే మనల్ని పట్టించుకోరు. నేను ఏటా ఇదే చేస్తాను" అన్నారు. పోయిన ఏడాది నింపించిన గ్యాస్ ఏమైందని అడిగాను. "అయిపోయి ఉంటుంది" అన్నారు, అదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ.

పెట్రోలు మండుతుంది కాబట్టి అయిపోతుంది. ఏసీ గ్యాస్ ఖర్చయ్యే సరుకు కాదు. మూసి ఉన్న గొట్టాల్లో, దాన్ని నొక్కే కంప్రెసర్ నుంచి వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు, అక్కడి నుంచి ప్రెషర్ తగ్గించే ఎక్స్‌పాన్షన్ వాల్వు దాటి లోపలి గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్‌కు, మళ్లీ కంప్రెసర్‌కు తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో దారి దొరికింది. ఆ దారి మూయకుండా కొత్తగా నింపినదీ అటే పోతుంది. ఇది కారున్న చాలామందికి ఎంతో కొంత తెలిసిన సంగతే. తెలిసీ ఏటా వెళ్లి నింపించుకుంటాం.

ఈ తంతుకు మెకానిక్‌లను తిట్టడం తేలిక. కానీ దీనికి మూలం మనం డబ్బు ఇచ్చే పద్ధతిలో ఉందని నా అభిప్రాయం. వస్తువుకు ఇస్తాం, వెతికినందుకు ఇవ్వం. పల్లెలో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లిన రోగి సూది పడితే తప్ప వైద్యం జరిగిందని ఒప్పుకోడు. ఆయనకూ రాబడి సూది మీదే, కూర్చోబెట్టి వివరాలు అడిగినందుకు ఎవరూ పైసా ఇవ్వరు. కారు ఏసీకి గ్యాస్ అలాంటి సూది. అది వేయకుండా పంపిస్తే షాపువాడికి ఆ పూట కూలి గిట్టదు.

బకెట్ నీళ్లతో పరీక్ష

ఒక వేసవిలో మా కారు ఏసీ చిత్రంగా ప్రవర్తించింది. హైదరాబాదు నుంచి విజయవాడ వస్తుంటే దారి పొడవునా చక్కగా చల్లబరిచింది. ఊళ్లోకి వచ్చి బెంజి సర్కిల్ దగ్గర వాహనాల మధ్య ఇరుక్కోగానే వెచ్చటి గాలి మొదలైంది. కదిలితే చల్లన, ఆగితే వేడి. దగ్గర్లో ఉన్న ఒక షాపులో చూపిస్తే, అక్కడి కుర్రవాడు గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టి, బానెట్ ఎత్తకుండానే "గ్యాస్ తక్కువైంది సార్, అరగంటలో నింపేస్తాం" అన్నాడు.

వెంట ఉన్న బావగారు ఒప్పుకోబోయారు. ఎందుకో నాకు నచ్చక ఆటోనగర్‌లో తెలిసిన పెద్దమేస్త్రి దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన చెయ్యి పెట్టి చూడలేదు. ముందు ప్రశ్నలు వేశారు. పరుగులో బాగుండి ఆగితే పోతోందా, ఎప్పుడూ అంతేనా? పొద్దున్నా మధ్యాహ్నమూ ఒకేలా ఉందా? గాలి విసురు తగ్గిందా, విసురు ఉండి చల్లదనం తగ్గిందా? తర్వాత ఇంజన్ నడుస్తుండగా ఏసీ పూర్తిగా పెట్టించి, కారు ముందు భాగంలో రేడియేటరుకు ముందుండే కండెన్సర్ మీద బకెట్‌తో నీళ్లు పోశారు. రెండు నిమిషాల్లో లోపల చల్లగాలి.

అంటే గ్యాస్ ఉంది, కంప్రెసర్ పనిచేస్తోంది, కండెన్సర్ వేడిని వదల్లేకపోతోంది. పరుగులో ఎదురుగాలి ఆ పని చేస్తుంది. ఆగినప్పుడు ఫ్యాన్ ఒక్కటే దిక్కు. మా ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కానీ నెమ్మదిగా ఒకే వేగంతో తిరుగుతోంది, రెండో వేగం అందుకోవడం లేదు. ఫ్యాన్‌కు కరెంటు అందించే స్విచ్ లాంటి రిలే ఒకటి పోయింది. అది మార్చి, కండెన్సర్ రేకుల మధ్య పేరుకున్న మట్టినీ పురుగులనూ నెమ్మదైన నీటిధారతో కడిగారు. గ్యాస్ జోలికే పోలేదు.

పోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. వేడి వదల్లేక అప్పటికే పెరిగిపోయిన ప్రెషర్ మీద ఇంకొంత గ్యాస్ ఎక్కించేవారు. ఎక్కువ గ్యాస్ ఉంటే ఎక్కువ చల్లదనం అని మనలో చాలామంది నమ్మకం. మోతాదు మించితే హై ప్రెషర్ పెరిగి, కంప్రెసర్ మీద బరువు పడి, చల్లదనం తగ్గుతుంది. మరీ పెరిగితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది.

అసలు చెప్పాల్సింది బిల్లు సంగతి. పెద్దమేస్త్రి అడిగింది మొదటి షాపువాళ్లు గ్యాస్‌కు చెప్పిన దానిలో మూడో వంతు కూడా లేదు. అయినా బావగారు బయటికి వస్తూ "చిన్న రిలే మార్చి, బకెట్ నీళ్లు పోసినందుకు ఇంతా?" అన్నారు. గ్యాస్ నింపి మూడింతలు తీసుకుని ఉంటే ఆయన నోరెత్తేవారు కాదు. బావగారు మంచి మనిషి, లెక్క తెలిసినవారు. ఆ లెక్కలో ఆలోచనకు గడి లేదు, అంతే.

ముల్లు చెప్పేది, చెప్పనిది

ప్రెషర్ కొలిచే గేజీలు తగిలిస్తే అంతా తెలిసిపోతుందనే భ్రమ కూడా ఉంది. నీలం గేజీ లో ప్రెషర్‌ది, ఎరుపు గేజీ హై ప్రెషర్‌ది. ఏసీ పూర్తిగా నడుస్తున్నప్పుడు, కారును బట్టి కొంత తేడాతో, నీలం ముల్లు 25 నుంచి 45 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) మధ్య, ఎర్ర ముల్లు 150 నుంచి 250 మధ్య ఉంటాయి. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం చూస్తే ఎర్రది ఇంకా పైకి పోతుంది, అది సహజం. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తగ్గి ఉండవచ్చు. రెండూ ఎక్కువగా ఉంటే మోతాదు మించి ఉండాలి, లేదా మా కారులోలా కండెన్సర్ దగ్గర గాలి ఆడకపోవాలి. నీలం పైకి, ఎరుపు కిందికి ఉంటే కంప్రెసర్ సత్తువ కోల్పోయినట్టు. నీలం ముల్లు సున్నా కిందికి జారి, కాసేపటికి మళ్లీ లేస్తుంటే లోపల తేమ చేరి ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర మంచై దారి మూస్తోందని అనుమానించాలి.

ఇక్కడ గమనించాల్సింది, నీలం ముల్లు ఒక్కటే చూస్తే ఏమీ తేలదు. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఒకసారి అక్కడి దుకాణంలో దొరికే చిన్న గ్యాస్ డబ్బా కొని, దానితో వచ్చిన ఒంటి గేజీని చూసుకుంటూ సొంతంగా నింపుకున్నాడు. రంగు చక్రం మీద ముల్లు పచ్చగీతలోకి వచ్చేవరకు ఎక్కించాడు. ఏసీ అంతకు ముందు కొద్దోగొప్పో చల్లబరిచేది, ఆ తర్వాత అదీ పోయింది. మెకానిక్‌ను తీసేసి డబ్బా పెట్టినంత మాత్రాన ఈ జబ్బు పోదని అక్కడా రుజువైంది.

ఇంకొక సంగతి చాలామంది మెకానిక్‌లు కూడా పట్టించుకోరు. ఏసీ ఆపి ఉన్నప్పుడు గేజీ తగిలించి "ప్రెషర్ బాగానే ఉంది, గ్యాస్ ఉంది" అంటారు. మన కార్లలో ఎక్కువగా వాడే ఆర్-134ఏ అనే గ్యాస్ గొట్టాల్లో కొంత ద్రవంగా, కొంత ఆవిరిగా ఉంటుంది. ఆ ద్రవం కొంచెమైనా మిగిలి ఉన్నంతవరకు ప్రెషర్ వాతావరణ వేడిని బట్టే ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ, 40 దగ్గర సుమారు 133. లోపల 400 గ్రాములున్నా 200 గ్రాములున్నా ముల్లు అదే అంకె దగ్గర నిలుస్తుంది. గ్యాస్ ఎంత ఉందో తేల్చే దారి ఒక్కటే: యంత్రంతో బయటికి తీసి తూచడం, బానెట్ కింద అంటించిన పట్టీ మీద రాసిన గ్రాములతో పోల్చడం. చిన్న కార్లకు అది సుమారు 350 నుంచి 500 గ్రాముల మధ్య ఉంటుంది. అంత చిన్న మోతాదులో వంద గ్రాముల తేడా అంటే చాలా ఎక్కువ. తూకం లేని షాపులో కంటి అంచనాతో నింపేటప్పుడు ఆ తేడా రావడం ఎంతసేపు?

గ్యాస్‌తో సంబంధం లేని జబ్బులు ఎన్నో. గాలి విసురే తగ్గితే ముందు క్యాబిన్ ఫిల్టరు తీసి చూడాలి, దుమ్ముతో అట్ట కట్టి ఉంటుంది. గంటసేపు బాగుండి గాలి ఆగిపోయి, కాసేపు ఏసీ ఆపితే మళ్లీ వస్తోందంటే కాయిల్ మీద మంచు కడుతోంది, అక్కడి సెన్సరును చూడాలి. ఇంజన్ వేడెక్కాక కంప్రెసర్ అందుకోకపోతే దాన్ని బెల్టుకు కలిపే మ్యాగ్నెట్ క్లచ్ అరిగి సందు పెరిగి ఉండవచ్చు. ఎలుక కొరికిన తీగ సంగతి సెల్లారులో కారు పెట్టేవాళ్లకు చెప్పనక్కరలేదు. వీటిలో సగం ప్రశ్నలతోనే తేలుతాయి. ప్రశ్నలకు బిల్లు లేదు కాబట్టి ఎవరూ అడగరు.

నా వాదనలో ఉన్న చిల్లు

ఇంతవరకు చదివి 'గ్యాస్ నింపించుకునేవాళ్లంతా మోసపోతున్నారన్నమాట' అనుకోకండి. ఇంట్లో ఫ్రిజ్ పదిహేనేళ్లు గ్యాస్ అడగకుండా పనిచేస్తుంది కదా, కారు ఎందుకు అడగాలని నేనూ ఒకప్పుడు వాదించేవాణ్ని. ఆ పోలిక పూర్తిగా నిలవదు. ఫ్రిజ్ కంప్రెసర్‌లో మోటారుతో సహా అంతా ఒకే లోహపు డొక్కులో మూసి ఉంటుంది. కారు కంప్రెసర్‌ను ఇంజన్ బెల్టు తిప్పుతుంది, అందుకని దాని ఇరుసు బయటికి రాక తప్పదు, అక్కడ సీలు ఉండక తప్పదు. ఇంజన్ అదురుతుంది కాబట్టి కొన్ని గొట్టాలు రబ్బరువే వాడాలి. ఆ సీలులోంచి, ఆ రబ్బరులోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా గ్యాస్ జారడం సహజమే. చలికాలమంతా ఏసీ ముట్టనివాళ్ల కార్లలో నూనె అందక సీలు ఎండి ఇంకాస్త జారుతుంది. కాబట్టి ఐదారేళ్ల కారుకు ఒకసారి గ్యాస్ సరిచేయించడం తప్పేమీ కాదు. ఏటేటా కావలసి వస్తుంటేనే నా అభ్యంతరం.

అక్కడా నన్ను నిలదీసిన మనిషి ఉన్నాడు. మా అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లే క్యాబ్ డ్రైవరు కారులో కూలింగ్ కాయిల్ లీకవుతోంది. అది డాష్‌బోర్డు లోపల ఉంటుంది. మొత్తం విప్పి, కాయిల్ మార్చి, మళ్లీ బిగించాలి. "ఆ డబ్బుతో నాలుగు వేసవులు గ్యాస్ నింపుకోవచ్చు సార్. రెండు రోజులు బండి షాపులో ఉంటే కిస్తీ ఎవరు కడతారు? రెండేళ్లలో ఎలాగూ అమ్మేస్తాను" అన్నాడు. లెక్క తప్పు పట్టలేకపోయాను. 2024 ఏప్రిల్‌లో హైదరాబాదులో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ 'నో ఏసీ' ప్రచారం మొదలుపెట్టినప్పుడు డ్రైవర్లు మొరపెట్టుకున్నది కూడా ఇదే: కిలోమీటరుకు చేతికొచ్చేది ఏసీ నడిపే ఖర్చుకే చాలడం లేదని. ఏసీ నడపడానికే గిట్టని మనిషికి డాష్‌బోర్డు విప్పించమని సలహా చెప్పడానికి నాకు నోరు రాలేదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన మధ్య, భారీ తరహా లారీల క్యాబిన్లలో ఏసీ తప్పనిసరి చేశారు, మంచిదే. కొన్నేళ్లలో ఆ లారీలూ ఇవే షాపుల ముందు, ఇదే లెక్కతో నిలబడతాయి.

అయితే అతని లెక్కలో ఒక పద్దు కనిపించదు. కంప్రెసర్‌కు కావలసిన నూనె గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది. లీకైనచోట గ్యాస్‌తో పాటు నూనె కూడా కారిపోతుంది. అందుకే కీళ్ల దగ్గర, కండెన్సర్ మీద జిడ్డుగా దుమ్ము పట్టిన మచ్చ కనిపిస్తే అనుభవం ఉన్న మెకానిక్ అక్కడే ఆగిపోతాడు. ఏటా గ్యాస్ మాత్రమే నింపి నూనె సంగతి మరిచిపోతే ఒక రోజు కంప్రెసర్ పట్టేస్తుంది, లోపలి లోహపు రజను గొట్టాలన్నిటా పాకుతుంది. అప్పుడు అయ్యే ఖర్చుకు కాయిల్ ఖర్చు సరితూగదు. ఈ మాట అతనికి చెప్పాను. "అప్పటికి బండి నాది కాదుగా సార్" అన్నాడు. కొనబోయే మనిషి ఎవరో, ఆయనకు నా సానుభూతి.

నింపేది ఏమిటి?

లీకు వెతికే పద్ధతులు గుట్టు విద్యలేమీ కావు. ఖాళీ చేసిన గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ పూస్తే బుడగ లేస్తుంది. రంగు నూనె కలిపి, కొన్నాళ్లు తిప్పి, అతినీలలోహిత దీపంతో చూస్తే లీకైనచోట మెరుస్తుంది. కాయిల్ లాంటి కంటికి కనిపించని చోట వాసన పట్టే పరికరం ఉంది. కొందరు వ్యాక్యూమ్ పెట్టి ముల్లు కదల్లేదని లీకు లేదంటారు. లోపలికి పీల్చినప్పుడు మూసుకునే చిల్లు, ప్రెషర్ ఎక్కినప్పుడు తెరుచుకోవచ్చు. వ్యాక్యూమ్ అసలు పని గాలినీ తేమనూ లాగేయడం. ప్రెషర్ బాగా తగ్గితే నీరు మామూలు వేడికే ఆవిరై బయటికి వస్తుంది, దానికి కనీసం అరగంట కావాలి. ఐదు నిమిషాలకే పంపు ఆపేసే షాపుల్లో ఆ తేమ లోపలే ఉండి, గ్యాస్‌తోనూ నూనెతోనూ కలిసి ఆమ్లమై కాయిల్‌ను లోపల్నుంచి తింటుంది. ఆ తర్వాతి ఏడాది మళ్లీ కాగితం, మళ్లీ పెంగ్విన్.

తగ్గింపు ధరకు దొరికే గ్యాస్ గురించి నాకు ఇంకొక భయం. సిలిండరు మీద ఆర్-134ఏ అని ఉన్నంత మాత్రాన లోపల అదే ఉండాలని లేదు, నకిలీల బెడద ప్రపంచమంతటా ఉంది. 2011లో వియత్నాంలో మరమ్మతు చేసిన శీతల కంటైనర్లు పేలి మనుషులు చనిపోయారు. కలుషిత గ్యాస్‌లోని మిథైల్ క్లోరైడ్ అల్యూమినియంతో చర్య జరిపి, గాలి తగిలితే చాలు అంటుకునే పదార్థంగా మారడమే కారణమని తేలింది. కారు కాయిల్, కండెన్సర్ కూడా అల్యూమినియంవే. మన ఊళ్లో అలా జరుగుతుందని బెదిరించడం నా ఉద్దేశం కాదు. ధర ఒక్కటే చూసి కొనకూడని సరుకు ఇది.

పాత గ్యాస్‌ను మన షాపుల్లో ఎక్కువగా 'బుస్'మని గాలిలోకి వదిలేస్తారు. ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే దాదాపు 1300 రెట్లు బలమైనది. 400 గ్రాములు వదిలితే రెండు వందల లీటర్లకు పైగా పెట్రోలు కాల్చినంత. మాకు ఎండ భరించలేక ఏసీ కావాలి, ఆ ఏసీ కోసం ఎండను పెంచుతున్నాం అనే వాక్యం అందరూ రాస్తారు కాబట్టి నేను పొడిగించను. యంత్రంతో లాగి తూచే షాపులో ఆ గ్యాస్ వృథా పోదు, దాన్నే శుభ్రం చేసి వాడుకోవచ్చు. మన డబ్బుకూ, గాలికీ ఇక్కడ ఒకే దారి పనికొస్తోంది.

చూసినందుకు ఇవ్వాలి

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. షాపుకు వెళ్లి 'గ్యాస్ నింపండి' అనడం మానేద్దాం. 'ఏమైందో చూడండి, చూసినందుకు ఇంత ఇస్తాను, ఆ తర్వాత మరమ్మతు మీచేత చేయించుకున్నా, చేయించుకోకపోయినా ఈ డబ్బు మీదే' అందాం. ప్రశ్నలకు, గేజీలకు, తూకానికి, నురగకు పట్టే గంట సమయానికి ధర ఉంటే, గ్యాస్ అమ్మే తొందర మెకానిక్‌కు తగ్గుతుంది.

దీనికి ఎదురు వాదన బలంగానే ఉంది. చూసిన డబ్బూ పుచ్చుకుని, బాగున్న కంప్రెసర్‌ను మార్చాలని చెప్పేవాడు ఉండడా? ఉంటాడు. పెద్ద సర్వీసు కేంద్రాల్లో రుసుము ముందే కట్టించుకుని, చివరికి 'మొత్తం కిట్టు మార్చాలి' అని పొడుగాటి అంచనా చేతికిచ్చిన అనుభవం నాకూ ఉంది. అందుకే డబ్బుకు బదులుగా కాగితం అడుగుతాను: రెండు ముళ్ల అంకెలు, ఆ రోజు బయటి వేడి, గాలి వచ్చేచోట థర్మామీటరు పెట్టి చూసిన అంకె, బయటికి తీసిన గ్యాస్ ఎన్ని గ్రాములు, లీకు ఎక్కడ. ఈ ఐదూ రాసిస్తే, ఆ కాగితం పట్టుకుని రెండో షాపులో అడగవచ్చు. అంకెలు రాయాల్సి వచ్చినప్పుడు అబద్ధం చెప్పడం కొంచెం కష్టమవుతుంది, అసాధ్యమని అనను.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఇది ఇంకా అవసరం. వాటిలో కంప్రెసర్‌ను అధిక వోల్టేజీ మోటారు తిప్పుతుంది. మామూలు కార్లలో వాడే పీఏజీ నూనె విద్యుత్తును పారనిస్తుంది కాబట్టి, వాటికి సాధారణంగా పీఓఈ రకం నూనె వాడతారు. అలవాటు కొద్దీ ఉన్న సీసాలోదే పోస్తే విద్యుత్తు లీకై బండే మొరాయించే ప్రమాదం ఉంది. అక్కడ నింపడం కంటే చదవడం ముఖ్యమైన పని.

ఇదంతా ఆటోనగర్ పెద్దమేస్త్రితో చెబితే ఆయన నవ్వారు. పోయిన వేసవిలో షాపు ముందు 'ఏసీ పరీక్షకు రుసుము' అని బోర్డు రాయించి పెట్టారట. వచ్చిన కార్లు ఆ బోర్డు చదివి పక్క షాపుకు వెళ్లిపోయాయి, అక్కడ చూడటం ఉచితం, గ్యాస్‌కు తగ్గింపు. నెల తిరగకుండా బోర్డు తీసేశారు. నేను మాత్రం ఆయన బానెట్ ఎత్తకముందే డబ్బు బల్ల మీద పెడుతున్నాను. బోర్డు మళ్లీ పెట్టమని ఈసారి అడిగాను. "పక్కవాళ్లూ పెడితే పెడతాను సార్, ఒక్కణ్నే పెడితే ఈగలు తోలుకోవాలి" అన్నారు.